అందింది, అయింది

జనవరి. హెల్టర్మా రేవులో
సముద్రం మీద మంచు పల్చగా, గుడ్డు పెంకులా పగులుతోంది.
ఏడున్నర పడవకి కార్లు బారు తీరాయి,
ఇంజన్లు ఆపితే మళ్ళీ రాజుకోవని భయం.
గేటు దగ్గర కెమెరా నంబరు ప్లేటు చదివి
ఎక్కడో క్లౌడ్‌లో నేను రాసిన ఫంక్షన్‌ని తట్టి లేపుతుంది.
దానికి ఇల్లూ వాకిలీ లేవు.
పిలిస్తే లేస్తుంది, పనయ్యాక కాసేపు వెచ్చగా ఉండి
ఎవరూ పిలవకపోతే ఆరిపోతుంది.
పొద్దుటి తొలి పిలుపుకి ఒళ్ళు విరుచుకోవడానికే రెండు సెకన్లు.

తప్పు నాదే.
డబ్బు తీసుకో, పడవలో చోటు రాయి,
రసీదు మెయిల్ చెయ్యి, దీవివాళ్ళ రాయితీ లెక్క పంపు,
అన్నీ ఒక్క పిలుపులో కుక్కాను,
ప్రయాణానికి ముందురోజు రాత్రి పెట్టె సర్దినట్టు.
ఆ పొద్దున మెయిల్ సర్వర్‌కి నత్తనడక.
దాని జవాబు కోసం ఫంక్షన్,
ఫంక్షన్ జవాబు కోసం గేటు,
గేటు కోసం లెయిడా అనే పెద్దావిడ,
ఆవిడ వెనక పాల లారీ, లారీ వెనక బడిపిల్లల బస్సు.
ఇరవై తొమ్మిది సెకన్లకి తెగింది.
తెగింది జవాబే. డబ్బు అప్పటికే వెళ్ళిపోయింది.
ఎర్రలైటు చూసి లెయిడా మళ్ళీ నొక్కింది.
మళ్ళీ వెళ్ళింది.

మోకులు విసిరే ఎండెల్ వచ్చి
గేటు కర్ర భుజంతో ఎత్తేశాడు.
"మోకు విసిరితే," అన్నాడు, "అవతలివాడు పట్టానని అరిచేదాకా
నా చేతికి ఇంకో పని లేదు.
టపా సంచీ అలా కాదు.
కొట్టంలో పడేసి, పుస్తకంలో గీత గీసి వెళ్తాను.
సంచీ పక్కన కూడా నిలబడితే పడవ ఎప్పుడు కదుల్తుంది?"

ఆ రాత్రే రెండుగా కోశాను.
డబ్బూ చోటూ మోకు. నిలబడాల్సిందే.
ఒకే టికెట్ రెండోసారి తడితే పాత జవాబే చెప్పాలి.
రసీదు టపా సంచీ. క్యూలో పడెయ్యి, వెళ్ళు.
క్యూ వెంటనే చెబుతుంది: రెండువందల రెండు.
అంటే, అందింది.

మూడు వారాలు గేటు పావురం రెక్కలా లేచింది.
రైవో కేకు తెచ్చాడు. తెరమీద గీతలన్నీ పచ్చన.

నాలుగో వారం లెయిడా ఆఫీసుకి వచ్చింది,
బూట్ల మంచు గుమ్మంలో దులిపి.
"టాలిన్ ఆసుపత్రికి మా ఆయన్ని ఆరుసార్లు తీసుకెళ్ళాను.
రసీదులు చూపిస్తేనే ఖర్చు వెనక్కిస్తారట.
రెండే వచ్చాయి."

లాగ్ తవ్వాను.
ఒకసారి ప్రయత్నించింది, ఓడింది.
నిమిషం ఆగింది, మళ్ళీ ఓడింది.
రెండు నిమిషాలు ఆగింది, ఓడింది.
తర్వాత వదిలేసింది, ఎవరికీ చెప్పకుండా.
ఎవరికని చెబుతుంది?
ఎదురుచూసేవాళ్ళని నేనే కదా పంపేశాను.
ఓడిన ఉత్తరాలకి ఒక పెట్టె పెట్టాలన్నది
రేపటి పనుల కాగితంలో ఉంది,
ఆ కాగితం మీద కేకు మరక ఉంది.

నలభై ఒక్క రసీదులు.
అందింది అన్నది నిజమే.
అయింది అని అది ఎప్పుడూ అనలేదు,
ఒకటిన్నర అక్షరం తేడా, నేనే కలిపి చదువుకున్నాను.

ఇప్పుడు పెట్టె ఉంది.
రోజూ కాఫీ కంటే ముందు దాన్ని తెరుస్తాను.
చాలాసార్లు ఖాళీ. ఖాళీని కూడా లెక్కపెడతాను.

ఆ నాలుగు రసీదులూ అచ్చు తీసి
గేటు దగ్గర కారు అద్దంలోంచి ఇచ్చాను.
లెయిడా కళ్ళజోడు తుడిచి పెట్టుకుని
తేదీలు ఒక్కొక్కటే వేలితో చదివింది.
వెనక పాల లారీ హారన్.
నేను కదల్లేదు.
నాలుగో కాగితం. వేలు ఆగింది.
ఆవిడ తలూపింది.
అప్పుడు ఎత్తాను గేటు.